హంపీకి ఏ లెన్సు?

హంపీ విరూపాక్షుడి గుడిలో గర్భాలయం వెనక వైపు ఒక చీకటి గది ఉంది. గోడలో సన్నని సందు. ఎండ బాగా కాసే వేళ ఆ గదిలో నిలబడితే, ఎదురుగోడ మీద తూర్పు రాజగోపురం తలకిందులుగా కనిపిస్తుంది. గోపురం శిఖరం నుంచి బయల్దేరిన కాంతి సందులోంచి దూరి గోడ కిందికి దిగుతుంది, పాదం నుంచి వచ్చింది పైకి పోతుంది. కాంతి తిన్నగా నడుస్తుందన్న ఒక్క నియమం చాలు, లెన్సు లేకుండానే బొమ్మ పడుతుంది.

కాని ఆ బొమ్మ మసకగా ఉంటుంది. సందు వెడల్పు చేస్తే వెలుగు పెరిగి బొమ్మ అలుక్కుపోతుంది. సన్నం చేస్తే బొమ్మ తేరుకుంటుంది, గది మాత్రం మరింత చీకటవుతుంది. లెన్సు వచ్చింది ఈ పేచీ తీర్చడానికే. వెలుగు ధారాళంగా రావాలంటే ద్వారం వెడల్పుగా ఉండాలి. అలా ఉంటూనే, శిఖరం మీది ఒక్కో బిందువు నుంచి వచ్చిన కాంతినంతా మళ్లీ ఒక్క బిందువు దగ్గరికి చేర్చాలి. లెన్సుకి మనం పోసే డబ్బు దాదాపు అంతా ఈ పనికే. ఎంత వెడల్పు ద్వారంతో, ఎంత శుభ్రంగా చేర్చగలదన్నదే ధరను నిర్ణయిస్తుంది.

పోయిన డిసెంబరులో మా తమ్ముడి కూతురు ఆ గుడికే వెళ్దామనుకుంటూ హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. రెండేళ్లు జీతంలో మిగుల్చుకుని నికాన్ జడ్ 8 కొనుక్కుంది, బాడీ ఒక్కటే.

"పెదనాన్నా, డబ్బంతా కెమెరాకే అయిపోయింది. లెన్సుకి కాస్తే మిగిలింది. ఇంత కెమెరాకి చవక లెన్సు తగిలిస్తే పట్టుచీర మీద పాత జాకెట్టులా ఉంటుందని ఆఫీసులో అంటున్నారు. ప్రయాణం ఇంకో మూడు వారాలే ఉంది. ఏం చెయ్యమంటారు?"

"ముందు అక్కడ ఏమేం తీస్తావో చెప్పు తల్లీ."

చెప్పింది. గోపురం, విఠలాలయంలో రాతిరథం, హజారరామ గుడి గోడల మీద చెక్కిన రామాయణం, మాతంగ కొండ మీంచి సూర్యోదయం, కృష్ణదేవరాయలు పట్టాభిషేక సమయంలో విరూపాక్షుడికి కట్టించిన రంగమండపం, దాని పైకప్పు మీది రంగుల బొమ్మలు. చివరగా, "నాయనమ్మ కూడా వస్తానంది. ఆవిడ ఫొటోలు బాగా రావాలి" అంది.

నాయనమ్మ అంటే మా అమ్మ. అందుకే ఈ లెక్క నేను మామూలు కంటే శ్రద్ధగా వేశాను. ఆ లెక్కే ఇక్కడ చెబుతున్నాను.

ఏ లెన్సూ నిర్దోషి కాదు. ఆ దోషాలను నేను మూడు రాశులుగా పోస్తాను. ద్వారం కాస్త మూస్తే పోయేవి ఒక రాశి. కెమెరా లోపలి కంప్యూటరు సరిచేసేవి రెండో రాశి. ఎవరూ సరిచేయలేనివి మూడో రాశి. చవక లెన్సు కొనేటప్పుడు దానికి ఎన్ని దోషాలున్నాయని లెక్కపెట్టడం దండగ. ఏ రాశిలోవి అన్నది చూడాలి.

మొదటి రాశి. లెన్సు మీద ఎఫ్/2, ఎఫ్/4 అని రాసే అంకెకి అర్థం ఒక భాగహారం. నాభ్యంతరాన్ని ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. 40 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న లెన్సు ఎఫ్/2 దగ్గర 20 మిల్లీమీటర్ల ద్వారం తెరుస్తుంది, ఎఫ్/8 దగ్గర 5 మిల్లీమీటర్లే. అంకె పెరిగేకొద్దీ ద్వారం చిన్నదవుతుందని కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే.

గోళాకారంగా సానపట్టిన గాజులో ఒక పుట్టులోపం ఉంది. అంచుల మీదుగా వచ్చిన కిరణాలను అది మధ్యలోంచి వచ్చిన వాటికంటే కాస్త ఎక్కువగా వంచుతుంది. దాంతో అంచు కిరణాలు ముందే కలుసుకుని, బిందువు కావలసినది చిన్న మరకవుతుంది. దీన్ని గోళీయ విపథనం అంటారు. జర్మనీ గణితవేత్త లుడ్విగ్ ఫాన్ జైడెల్ 1850లలో ఇలాంటి ఐదు లోపాలను విడదీసి లెక్కకట్టాడు. ఆ లెక్క ప్రకారం గోళీయ విపథనం వల్ల పడే మరక, ద్వారం వ్యాసం ఘనాన్ని బట్టి మారుతుంది. అంటే ఎఫ్/2 నుంచి ఎఫ్/4కి మూస్తే వ్యాసం సగం, మరక ఎనిమిదో వంతు. ఎఫ్/5.6కి వస్తే సుమారు ఇరవై రెండో వంతు. బొమ్మ మూలల్లో దీపాలకు తోకలు మొలిపించే కోమా అనే లోపం వర్గం లెక్కన తగ్గుతుంది. ఆధునిక లెన్సులో ఇంకా పెద్ద లెక్కలు కలుస్తాయి గాని, దారి ఇదే. వేలితో ఒక చక్రం రెండు మూడు మెట్లు తిప్పితే చవక లెన్సు దోషాల్లో పెద్ద భాగం కరిగిపోతుంది.

నికాన్ వాళ్లదే 50 మి.మీ. ఎఫ్/1.2 లెన్సు ఒకటుంది. అందులో 17 గాజులు, బరువు 1,090 గ్రాములు. బ్యాటరీ, కార్డు వేసిన జడ్ 8 తూగేది 910 గ్రాములు. కెమెరా కంటే లెన్సే బరువు. అదే కంపెనీ 40 మి.మీ. ఎఫ్/2లో 6 గాజులు, బరువు 170 గ్రాములు. మిగతా 11 గాజులూ 920 గ్రాములూ దేనికంటే, ద్వారం పూర్తిగా తెరిచినప్పుడు కూడా బొమ్మ మూలమూలలా నిక్కచ్చిగా ఉండటానికి. అది గొప్ప పనే. దాన్ని తయారుచేసినవాళ్లకి చేతులెత్తి మొక్కుతాను. కాని మిట్టమధ్యాహ్నం ఎండలో రాతిరథాన్ని ఎఫ్/8లో తీసే మనిషికి ఆ పనితనంలో ఎక్కువ భాగం మూసిన ద్వారం అవతలే ఉండిపోతుంది.

మరి ఇంకా ఇంకా మూస్తూ పోతే? అక్కడ కాంతి అడ్డు చెబుతుంది. కాంతి తరంగం కాబట్టి సన్నని ద్వారం దాటేటప్పుడు పక్కలకి విస్తరిస్తుంది. ఏ లోపమూ లేని లెన్సు అయినా బిందువును బిందువుగా వేయలేదు, చిన్న బిళ్లగా వేస్తుంది. ఆ బిళ్ల సైజుని 1835లో ఇంగ్లీషు ఖగోళవేత్త జార్జ్ ఎయిరీ లెక్కకట్టాడు. ఆకుపచ్చ కాంతికి ఎఫ్/2 దగ్గర బిళ్ల వ్యాసం దాదాపు 2.7 మైక్రాన్లు, ఎఫ్/8 దగ్గర 10.7, ఎఫ్/16 దగ్గర 21.5. జడ్ 8 సెన్సరు మీద ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 4.35 మైక్రాన్లు. అంటే ఎఫ్/16 దగ్గర ఒక్కో బిందువు ఐదు పిక్సెళ్ల అడ్డంగా పరుచుకుంటుంది. 45 మెగాపిక్సెళ్ల కోసం పోసిన డబ్బు అక్కడ వృథా. ఇది లెన్సు ధర చూసి మారే లెక్క కాదు. పదింతల ఖరీదు పెట్టినా ఎఫ్/8 దగ్గర 10.7 మైక్రాన్ల బిళ్లే పడుతుంది. అందుకే ఎఫ్/5.6, ఎఫ్/8 మధ్యలో తీసిన రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే, మధ్యభాగం చూసి ఏది ఏ లెన్సుదో చెప్పడం నాకు ఎప్పుడూ కష్టమే.

గోపురం, రథం, హజారరామ గుడి గోడలు, పగటి వెలుగులో కొండలు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. వాటికి చవక లెన్సు బెంగ అక్కర్లేదు.

రెండో రాశి దగ్గరికి వస్తే, జడ్ 8 లాంటి మిర్రర్‌లెస్ కెమెరా పేరులోనే కిటుకుంది. పాత ఎస్సెల్లార్‌లో లెన్సుకీ ఫిల్ముకీ మధ్య అద్దం ఊగేది. దానికి చోటు కావాలి కాబట్టి నికాన్ పాత మౌంటులో లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిల్ము దాకా 46.5 మిల్లీమీటర్లు. 28 మి.మీ. లాంటి వైడ్ లెన్సు సహజంగా ఫిల్ముకి దగ్గరగా కూర్చోవాలి. అద్దం అడ్డం. ఫ్రాన్సులో పియర్ ఆంజెన్యూ 1950లో ముందువైపు చెదరగొట్టే గాజులు పెట్టి, బొమ్మ దూరంగా పడేట్టు చేసి ఈ చిక్కు విడదీశాడు. దానికి మూల్యం ఎక్కువ గాజు, ఎక్కువ బరువు. అద్దం తీసేసిన కొత్త జడ్ మౌంటులో ఆ దూరం 16 మిల్లీమీటర్లే. చిన్న, తేలికైన వైడ్ లెన్సులకి మళ్లీ దారి తెరుచుకుంది.

ఇంకో మార్పు కంటికి కనపడనిది. అద్దం ఉన్న రోజుల్లో కంటితో చూసేది లెన్సు వేసిన బొమ్మనే. స్తంభం పొట్ట ఉబ్బితే ఉబ్బినట్టే కనిపించేది. ఇప్పుడు వ్యూఫైండర్లో చూసేది తెర. లెన్సు తన వంకరల పట్టికను కెమెరాకి చెబుతుంది, కెమెరా ఆ వంకరలు తీసేసిన బొమ్మనే చూపిస్తుంది. గీతలు వంగడం, మూలలు నల్లబడటం, అంచుల్లో ఎరుపు నీలం చారలు రావడం వంటివి చాలామటుకు ఇలా పోతాయి. ఇందులో గీతల వంపు, రంగు చారలు ద్వారం ఎంత మూసినా తగ్గవు. కంప్యూటరు వాటిని తన నెత్తిన వేసుకుంది కాబట్టి, లెన్సు గీసేవాళ్లు కొద్ది గాజులతోనే మిగతా లోపాలు దిద్దగలుగుతున్నారు.

కొందరు దీన్ని మోసం అంటారు. నేను అనను. దర్జీ రవిక కుట్టేటప్పుడు లోపల మడత వదులుతాడు, తర్వాత సరిచేసుకోవడానికి. ఇదీ అంతే. ఉచితం మాత్రం కాదు. సాగదీసిన మూలల్లో పదును కొంచెం తగ్గుతుంది, నల్లబడ్డ మూలల్ని వెలిగిస్తే అక్కడ గరుకు తేలుతుంది. రాతిగోడల ఫొటోల్లో దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

అసలు జాగ్రత్త మూడో రాశిలో కావాలి.

గాలి లోంచి గాజులోకి కాంతి వెళ్లే ప్రతిచోటా సుమారు నాలుగు శాతం వెనక్కి తిరిగిపోతుంది. కిటికీ అద్దంలో మన ముఖం కనిపించేది అందుకే. 1896లో జైస్ కంపెనీకి పాల్ రుడాల్ఫ్ గీసిన ప్లానార్ లెన్సులో ఆరు గాజులు, అతికించినవి ఒకటిగా లెక్కేస్తే నాలుగు గుంపులు, అంటే గాలి తగిలే ముఖాలు ఎనిమిది. పూత ఏదీ లేకపోతే ఎనిమిదిచోట్లా పోగా మిగిలేది 72 శాతం. పోయిందంతా బయటికి పోతే బాగుండును. అది గాజుల మధ్య ఎగిరి ఎగిరి బొమ్మ మీదే పొగలా పడుతుంది. అందుకే ప్లానార్ అంత మంచి డిజైన్ అయి కూడా దశాబ్దాలు వెనకబడింది. 1935లో అదే కంపెనీలో అలెగ్జాండర్ స్మకూలా గాజు మీద అతి పలుచని పూత వేసి ఆ ప్రతిఫలనాన్ని అణిచే పద్ధతి కనిపెట్టాకే ఇలాంటి లెన్సులకు ప్రాణం వచ్చింది. 17 గాజులు, 15 గుంపులు ఉన్న ఆ పెద్ద లెన్సుకి ముప్పై ముఖాలు. పూత లేకపోతే అందులోంచి దాటేది 29 శాతమే. అంటే ఖరీదైన పూత ఖరీదైన లెన్సుకి తప్పనిసరి అవసరం కూడా. మన 40 మి.మీ. చిన్న లెన్సులో కూడా ఆరు గాజులు నాలుగు గుంపులే, ఎనిమిది ముఖాలే. సూర్యుడికి ఎదురుగా పట్టినప్పుడు తక్కువ ముఖాలుండటం అక్కరకొస్తుంది.

మాతంగ కొండ మీద సూర్యోదయానికి ఒక మాట చెప్పాను. లెన్సు ముందు రక్షణకని చవక ఫిల్టరు బిగించవద్దు, బిగిస్తే సూర్యుణ్ణి తీసేటప్పుడైనా విప్పెయ్యమన్నాను. అది మరో రెండు ముఖాలు కలుపుతుంది. నాసిరకం పూతైతే సూర్యుడికి జంటగా పచ్చటి దెయ్యం ఒకటి బొమ్మలో తేలుతుంది.

మూడో రాశిలో రెండోది నన్ను బాగా ఏడిపించింది. లెన్సులో గాజులన్నీ ఒకే ఇరుసు మీద కూర్చోవాలి. ఒక్క గాజు కాస్త పక్కకి జరిగినా, ఓరగా కూర్చున్నా బొమ్మలో ఒక పక్క తేటగా, మరో పక్క మసకగా వస్తుంది. చాలా ఏళ్ల కిందట ప్రయాణానికి ముందురోజు సాయంత్రం ఒక జూమ్ లెన్సు కొన్నాను. దుకాణంలో నాలుగు ఫొటోలు తీసి వెనక చిన్న తెరలో చూసుకుని సంతోషపడ్డాను. పన్నెండు రోజులు తిరిగి ఇంటికొచ్చి పెద్దగా చేసి చూస్తే ప్రతి ఫొటోలో ఎడమ మూల కరిగిపోయి ఉంది. ఎఫ్/8లో తీసినవీ అంతే. గాజులు సరిగ్గా కూర్చోకపోవడానికి చక్రం తిప్పడం మందు కాదు, కంప్యూటరుకి ఆ లోపం తెలియదు. ఆ ఊళ్లకి నేను మళ్లీ వెళ్లలేదు.

అందుకే మా పిల్లకి ఖచ్చితంగా చెప్పాను. "లెన్సు కనీసం రెండు వారాల ముందు కొను. దినపత్రిక పేజీలు నాలుగు గోడకి నాలుగు మూలలుగా అతికించి, కెమెరాని ఎదురుగా తిన్నగా స్టాండు మీద పెట్టి ఎఫ్/2, ఎఫ్/4, ఎఫ్/8లో తియ్యి. నాలుగు మూలలూ ఒకేలా మసకగా ఉంటే బెంగపడకు, అది చవక లెన్సు తీరు. ఒక్క మూల వేరుగా ఉంటే మాత్రం మర్నాడే వెళ్లి మార్చుకో."

పాత లెన్సుల సంగతి కూడా అడిగింది. నా దగ్గర ఫిల్ము కాలం నాటి 50 మి.మీ. ఒకటుంది. 46.5లోంచి 16 తీసేస్తే 30.5. అంత పొడుగు ఖాళీ గొట్టం మధ్యలో పెడితే పాత లెన్సు కొత్త కెమెరా మీద తన పాత దూరంలోనే కూర్చుంటుంది. అందులో గాజేమీ ఉండదు కాబట్టి చవకగా దొరుకుతుంది. దూరం తగ్గించిన మిర్రర్‌లెస్ ఇచ్చిన వరాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. అయితే ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. రథం కదలదు, నాయనమ్మ కదులుతుంది. పైగా మాది కాకినాడ, సముద్రపు తేమ. బీరువాలో ఊరికే పడి ఉన్న లెన్సుల లోపలి గాజు మీద బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. ఫోన్ టార్చి వెనకనుంచి వేసి చూస్తే నా లెన్సులోనూ కనిపించింది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు డబ్బివ్వకముందే ఈ టార్చి పరీక్ష చెయ్యాలి.

ఇక మిగిలింది 24-50 జూమా, 28 మి.మీ.యా, 40 మి.మీ.యా అన్నది. మూడూ చిన్నవే, చవకవే.

రాజగోపురం దాదాపు 50 మీటర్ల ఎత్తు. కెమెరాని నిలువుగా పట్టుకుంటే సెన్సరు ఎత్తు 36 మిల్లీమీటర్లు. కెమెరా పైకెత్తాల్సి రావడం పక్కనపెట్టి లెక్కేస్తే, గోపురం మొత్తం పట్టాలంటే 40 మి.మీ. లెన్సుతో 56 మీటర్లు వెనక్కి నిలబడాలి. 28తో 39 మీటర్లు, 24తో 33. ముందు పాత బజారు వీధి పొడుగ్గా ఉంది కాబట్టి 56 మీటర్లు కష్టం కాదు. చోటు చాలనిచోట రాయి కదలదు గనక మూడు ఫొటోలు పక్కపక్కన తీసి తర్వాత కలుపుకోవచ్చు.

రంగమండపంలో జూమ్ లెన్సు వెనకబడుతుంది. దాని ద్వారం 50 మి.మీ. దగ్గర ఎఫ్/6.3ని మించి తెరుచుకోదు. ఎఫ్/2 దానికంటే దాదాపు పదింతల వెలుగు లోపలికి తెస్తుంది. జూమ్‌తో సెకనులో పన్నెండో వంతు పట్టే ఫొటోని ఎఫ్/2తో నూట ఇరవయ్యో వంతులో ముగించవచ్చు. ఇక్కడ ఒక సంగతి నిజాయతీగా చెప్పాలి. పైకప్పు బొమ్మలకి ఈ పదింతలు అవసరం లేదు. ఈ కెమెరాలో సెన్సరే కదిలి చేతి వణుకుని సరిచేస్తుంది. బొమ్మలు శతాబ్దాలుగా అక్కడే ఉన్నాయి, పన్నెండో వంతు సెకను ఆగుతాయి. ఆగనిది వాటి కింద నిలబడి తలెత్తి చూసే మనిషి. చేతి వణుకుకి మందుంది గాని ఎదుటి మనిషి కదలికకి ఒక్కటే మందు, వేగంగా మూసుకునే షట్టర్. దానికి వెలుగు కావాలి. నా దృష్టిలో ప్రయాణానికి పెట్టే డబ్బు రాళ్లకంటే ముందు మనిషికి దక్కాలి.

28 మి.మీ.తో మనిషి ముఖం ఫ్రేము నిండా రావాలంటే బాగా దగ్గరికి వెళ్లాలి. దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. అది లెన్సు తప్పు కాదు, దూరం తప్పు. 40 మి.మీ.తో ఒక అడుగు వెనక్కి వేయొచ్చు. సెన్సరు ఐమూల కొలత 43 మిల్లీమీటర్లు, 40 దానికి దగ్గరగా ఉంది కాబట్టి బొమ్మ ఇరుకుగానూ అనిపించదు, విశాలంగానూ అనిపించదు. అదే కొనమన్నాను. దాని మౌంటు ప్లాస్టిక్‌ది. ముందుకి కిలో బరువు వేలాడే లెన్సుకైతే ఆలోచించాలి గాని 170 గ్రాములకి ఆ ప్లాస్టిక్ చాలు. ఒక్కటే లెన్సు కాబట్టి హంపీ దుమ్ములో విప్పి బిగించే పని కూడా లేదు. సెన్సరు మీద మట్టి పడేది ఆ విప్పి బిగించేటప్పుడే.

కొంది. పత్రికలు అతికించి తీసిన ఫొటోలు పంపింది. ఎఫ్/2లో నాలుగు మూలలూ సమానంగా మెత్తగా ఉన్నాయి, ఎఫ్/5.6కి అక్షరాలు తేరుకున్నాయి. మంచి ముక్క దొరికిందన్నాను.

హంపీ నుంచి వచ్చాక నాకు ముందుగా చూపించింది గోపురం ఫొటో కాదు. ఆ చీకటి గదిలో తీసినది, ఎఫ్/2లో. గోడ మీద మసక గోపురం తలకిందులుగా ఉంది. దాని పక్కన అమ్మ నిలబడి, శిఖరం ఎక్కడుందా అని వేలితో కిందికి వెతుకుతోంది. పెద్దది చేసి చూశాను. కుడి మూల కాస్త మెత్తబడింది, ఎడమ మూలా అంతే. అమ్మ వేలి గోరు మీద పసుపు మరక తేటగా ఉంది.